ఎర్ర లారీ, నీలం లారీ

క్లచ్చక్కను పోయినవారం మనం లైబ్రరీ మెట్ల మొదట్లో, అత్తగారి చెయ్యి పట్టుకుని చెమటలు తుడుచుకుంటుండగా వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. క్లచ్చక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. రోజంతా "క్లచ్! క్లచ్!" అని అరుస్తుంది కాబట్టి అసలు పేరు పోయి అదే మిగిలింది. నోరు మూసుకుని కూర్చోవడం ఆవిడకు పుట్టుకతో రాని విద్య. అలాంటి మనిషి పక్కన, కారు నేర్చుకుంటున్న ఒక కాలేజీ పిల్ల పచ్చలైటు పడ్డా బండి కదపకుండా కూర్చుంది. "మా నాన్న ప్రాణం తీసుకున్నాడు మేడమ్. ఇంట్లో కారుంది, నడిపేవాళ్ళు లేరు. అందుకే నేర్చుకుంటున్నా" అంది. వెనక హారన్లు మోగిపోతున్నాయి. క్లచ్చక్కకు జీవితంలో మొదటిసారి నోట మాట రాలేదు. ఏం చెయ్యాలో తోచక కారుకున్న నాలుగు లైట్లూ టిక్కుటిక్కుమని వెలిగించి, ఆ పిల్ల ఏడుపు ఆగేదాకా అలాగే కూర్చుంది. మర్నాడే వెళ్ళి ఈ తరగతుల్లో చేరింది. ఆత్మహత్య వల్ల అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలకు తోడుగా నిలబడటం ఎలాగో నేర్పే తరగతులవి. డాక్టర్లు, పోలీసులు, సాయం చెయ్యాలనుకునే మామూలు మనుషులు, అందరూ ఒకే గదిలో కూర్చుని నేర్చుకుంటారు.

చిక్కల్లా ఇంట్లో ఉంది. క్లచ్చక్క ఎన్నడూ చూడని బావగారు, అంటే భర్తకు అన్న, వీళ్ళ పెళ్ళికి చాలా ముందే పోయాడు. లారీ గుద్దిందని అందరూ అనుకున్నారు. అది లారీ కాదనీ, ఆయనే ప్రాణం తీసుకున్నాడనీ పెళ్ళయిన కొత్తలో భర్త ఒకే ఒక్కసారి చెప్పాడు. చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. "అమ్మకి తెలీదు. తెలిస్తే బతకదు." అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ ఊసు ఎత్తినవాళ్ళు లేరు. అందుకే క్లచ్చక్క ఇంట్లో ఈ తరగతుల్ని 'ప్రథమ చికిత్స' అని చెప్పుకొచ్చింది. అంతా సాఫీగానే సాగిపోయేది. కానీ టీవీ చెడిపోయింది. గోడలు చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని, "నాకూ కట్లు కట్టడం నేర్పించు" అంటూ అత్తయ్య చెప్పులేసుకుని బయల్దేరింది.

అదీ సంగతి. ఇక మెట్లెక్కుదాం.

"ఏమ్మాయ్, ఎక్కవేం? మోకాళ్ళ నొప్పులు నాకా, నీకా?" అంది అత్తయ్య.

"పైన ఉక్కగా ఉంటుంది అత్తయ్యా. కింద లైబ్రరీలో ఫ్యాను కింద హాయిగా కూర్చుని పత్రికలు తిరగెయ్యకూడదూ?"

"పత్రికలు ఇంట్లో లేవా? ఇంత దూరం వచ్చింది వేళ్ళకి కట్లు కట్టడానికి. పద, పద."

పైన హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మూల బల్ల మీద టీ ఫ్లాస్కు, బిస్కెట్లు, కళ్ళు తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ళ పెట్టె. గది మధ్యలో, ఎవరు ఎందుకు కట్టారో తెలియదు గానీ, మనిషిని నిలువునా దాచేసేంత లావు స్తంభం. ఆ స్తంభాన్ని ఇన్నాళ్ళూ అందరూ తిట్టుకునేవాళ్ళు. ఈ రోజు క్లచ్చక్క దానికి మనసులోనే దండం పెట్టుకుంది. అత్తయ్య కుర్చీని సరిగ్గా దాని వెనక, కిటికీ వైపు తిప్పి వేసింది.

"ఇక్కడ గాలి బాగా వస్తుంది."

"గాలి వస్తుంది సరే. మనుషులు కనపడరు కదే."

"ముందు వినడమే అత్తయ్యా. చూడటం తర్వాతి పాఠం."

వినడం గురించి అంత ధీమా ఉండటానికి కారణం ఉంది. అత్తయ్యకు చెవుడు. అయితే ఎంత చెవుడన్నది ఇంట్లో ఎవరికీ తేలని విషయం. "టీవీ కాస్త తగ్గించండి" అని చెవి దగ్గర అరిచినా వినపడదు. వంటింట్లో బిస్కెట్ పొట్లం విప్పితే మాత్రం పడగ్గదిలోంచి వినపడుతుంది.

శిక్షణ ఇచ్చే ఆవిడను అందరూ టీచరమ్మ అంటారు. పొట్టిగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఎవరో చెప్పేది వింటున్నట్టు తల కాస్త పక్కకు వంచి ఉంటుంది. క్లచ్చక్క ఆవిణ్ణి పక్కకు లాగి ఉన్న సంగతంతా గుసగుసగా కక్కేసింది. "ఆవిడకి మాత్రం తెలియకూడదు టీచరమ్మా. ప్రథమ చికిత్స అని తీసుకొచ్చాను."

టీచరమ్మ స్తంభం వైపు చూసింది. స్తంభం పక్క నుంచి అత్తయ్య మోచెయ్యి ఒకటి కనపడుతోంది.

"నేనైతే అబద్ధం ఆడలేనమ్మా. ఆవిడ అడిగితే ఉన్నది చెబుతాను. అడగనిదే నేనుగా ఎత్తను. మధ్యలో ఎవరికి కష్టంగా అనిపించినా బయటికి వెళ్ళొచ్చు, నేనూ తోడొస్తాను. ఆ మాట అందరికీ చెప్పేదే, ఆవిడకీ చెబుతాను."

చెప్పింది కూడా. స్తంభం దాకా వెళ్ళి, వంగి, మెల్లగా చెప్పింది. అత్తయ్య తల ఊపి "అలాగేనమ్మా, నాకు రక్తమంటే భయం లేదు" అంది.

పాఠం మొదలైంది. బాధలో ఉన్న ఇంటికి మొదటిసారి వెళ్ళడం ఎలాగన్నది ఆ రోజు విషయం. టీచరమ్మ పెద్దగా ఏమీ చెప్పలేదు. "ధైర్యంగా ఉండండి అనకండి. వాళ్ళకి ధైర్యం ఉంటే మీరెందుకు? 'కనీసం' అనే మాటతో ఏ వాక్యమూ మొదలుపెట్టకండి. ఎందుకు చేశాడని అడగకండి. ఏ ఒక్క మాటా, ఏ ఒక్క మనిషీ దీనికి కారణం కాదు. కానీ ఆ ఇంట్లో ప్రతివాళ్ళూ 'నా వల్లే' అనుకుంటూ ఉంటారు. పోయినవాళ్ళు ఎలాంటివాళ్ళో అడగండి. అడిగి ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం."

ఇదంతా నటించి చూపించాలంది. కొడుకును పోగొట్టుకున్న తండ్రిగా ఎవరు కూర్చుంటారని అడగ్గానే హెడ్డుగారు లేచాడు. ఆయన పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబులు. ఇలాంటి కబురు ఇళ్ళకు మోసుకెళ్ళాల్సిన పని ఆయనదే కాబట్టి డిపార్టుమెంటు వాళ్ళు పంపారు. కాకపోతే వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో రాజు వేషాలు వేసేవాడు. ఆ రాజు ఇంకా పూర్తిగా దిగలేదు.

హెడ్డుగారు కుర్చీలో కూర్చోలేదు, కూలాడు. ఒక చెయ్యి గుండె మీద, ఇంకొకటి సీలింగు ఫ్యాను వైపు.

"కుమారా! ఈ వృద్ధ జనకుణ్ణి విడిచి ఏ లోకాలకు తరలిపోతివిరా!"

కిటికీ అద్దాలు గణగణలాడాయి. కింద కుర్చీలు జరిగిన చప్పుడు. కాసేపటికి లైబ్రేరియను రొప్పుతూ పైకొచ్చి తలుపులోంచి తొంగి చూశాడు. "కింద పరీక్షలకి చదువుకుంటున్నారండీ. ఏమైంది, ఎవరైనా పోయారా?"

"లేదు లేదు. ప్రాక్టీసు" అన్నాడు గాలి మాస్టారు.

గాలి మాస్టారంటే యోగా నేర్పే ఆయన. ఎవరు ఏ కష్టం చెప్పినా "ముందు గాలి పీల్చండి" అంటాడు. మొదటగా ఓదార్చడానికి ఆయన్నే పంపింది టీచరమ్మ. ఆయన వెళ్ళి హెడ్డుగారి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, "పొట్ట నిండా పీల్చండి... పట్టి ఉంచండి... వదలండి" అన్నాడు. పుత్రశోకంలో ఉన్న హెడ్డుగారు పీల్చాడు, వదిలాడు, మళ్ళీ పీల్చాడు.

"నిజంగానే బాగుంది మాస్టారూ. నడుం పట్టేసింది కూడా వదిలింది."

"మీ కొడుకు పోయాడండీ" అని గుర్తుచేసింది టీచరమ్మ.

"ఆఁ! కుమారా!" అని మళ్ళీ కూలాడు హెడ్డుగారు.

తర్వాత డాక్టరు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే కుర్ర డాక్టరు. నిలబడే ఉన్నాడు. "చూడండి, మా ప్రయత్నం మేం చేశాం, ఫలితం లేకపోయింది, ధైర్యంగా ఉండాలి, మిగతా విషయాలు సిస్టర్ చెబుతారు" అని ఒకే ఊపిరిలో అనేసి, అలవాటుగా వెనక్కి తిరిగి తలుపు దాకా వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర గుర్తొచ్చి ఆగాడు.

"డాక్టరుగారూ, ఆయన ఇంకా మీ మొదటి మాట దగ్గరే ఉన్నారు" అంది టీచరమ్మ.

డాక్టరు మొహం చిన్నబోయింది. "నిజమేనండీ. మా దగ్గర బయట ఇంకో స్ట్రెచర్ ఆగి ఉంటుంది. అందుకని అలవాటైపోయింది." ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ ఆయనకు కుర్చీ జరిపి, "ఆ స్ట్రెచర్ ఈ గదిలో లేదు కదా. ఇంకోసారి, ఈసారి కూర్చుని" అంది. ఆయన కూర్చున్నాడు. కూర్చోగానే మాటల వేగం సగమైంది. ఆయనే ఆశ్చర్యపోయాడు.

క్లచ్చక్క వంతు వచ్చింది. ఆవిడ వెళ్తూ స్తంభం వైపు ఒక చూపు చూసింది. మోచెయ్యి కదలడం లేదు. నిద్రపోయి ఉంటుందని ఊపిరి పీల్చుకుని హెడ్డుగారి ఎదురుగా కూర్చుంది.

"నమస్కారమండీ. మీ బాధ నాకు... అంటే నాకు తెలీదనుకోండి. అయినా కనీసం..."

వెంటనే ఆవిడ కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. నేర్పే కారులో ఆవిడ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అక్కడినుంచి వచ్చిన అలవాటు.

"కనీసం అనలేదు. కాదు, అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. మీ అబ్బాయి ఎలాంటివాడండీ?"

"సూర్యుని వంటివాడు! చంద్రుని వంటివాడు!" అని హెడ్డుగారు రుమాలు తీసి దులిపాడు. "అయ్యో! అయ్యయ్యో!"

"ఆ ఏడుపేంటయ్యా?"

గది మొత్తం స్తంభం వైపు తిరిగింది. మాట్లాడింది స్తంభం కాదు. కుర్చీని నేల మీద కర్రుమని ఈడ్చుకుంటూ అత్తయ్య ఇవతలికి వచ్చింది.

"ఇందాకటినుంచి ఓర్చుకుంటున్నా. వినలేక చస్తున్నా. కొడుకు పోయినవాళ్ళు అలా ఏడుస్తారా? లే. పోలీసువి కాబట్టి మర్యాదగా చెబుతున్నా. పక్కకి జరుగు."

హెడ్డుగారు నిజంగానే లేచి సెల్యూట్ కొట్టినంత పని చేశాడు.

క్లచ్చక్క కంగారుగా అడ్డుపడింది. "అత్తయ్యా! ఇది కట్లు కట్టే పాఠం కాదు. అది తర్వాత..."

"అదే మొదట కనిపెట్టా. ఒక్క కట్టుగుడ్డ లేదు, దూది లేదు, అయోడిన్ వాసన లేదు. ప్రథమ చికిత్సకొచ్చి అందరూ టీ తాగి ఏడుస్తున్నారు. నేను ముసలిదాన్నే, పిచ్చిదాన్ని కాదు. కూర్చో. కొడుకు పోయినావిణ్ణి నేను. నువ్వు నన్ను చూడటానికి వచ్చావు. అదేగా ఆట? ఊఁ, కానీ."

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చున్నట్టు కిందికి వంగి, అత్తయ్య మొహంలోకి చూసింది. "అమ్మా, మీకు ఇష్టమైతేనే. ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపేద్దాం."

"ఆపేదేం లేదు. మొదలే పెట్టలేదింకా."

క్లచ్చక్క ఎదురుగా కూర్చుంది. అత్తాకోడళ్ళిద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోవడం పెళ్ళిఫోటో తర్వాత ఇదే.

"నమస్కారమండీ" అంది క్లచ్చక్క. "నేను... మిమ్మల్ని చూసి పోదామని వచ్చాను."

"రా అమ్మా. కూర్చో. టీ పెట్టనా?"

"అయ్యో, కొడుకు పోతే టీ ఏంటండీ!" అన్నాడు హెడ్డుగారు పక్కనుంచి.

"మరి ఇంటికి మనిషొస్తే టీ పెట్టరా?" అత్తయ్య అతని వైపు తిరిగింది. "ఆ రోజు నేను ఎన్ని టీలు పెట్టానో నాకే తెలీదు. పాలు అయిపోతే పక్కింటికెళ్ళి తెచ్చాను. 'చూడు, దుఃఖాన్ని ఎలా దిగమింగుతోందో' అన్నారందరూ. నేనేమీ మింగలేదు. చేతులకి ఇంకేం చెయ్యాలో తెలీలేదు. ఒకావిడైతే నన్ను పట్టుకుని ఎంత ఏడ్చిందంటే, ఆవిణ్ణి నేనే ఓదార్చి, మొహం కడిగించి, ఇంటిదాకా దిగబెట్టి వచ్చాను. ఇంకొకాయన వచ్చాడు, 'అంతా మన మంచికే' అన్నాడు. అతని టీలో పంచదార వెయ్యలేదు."

గది గొల్లుమంది. గాలి మాస్టారు చప్పట్లు కొట్టి, "సహజంగా ఉంది! హెడ్డుగారూ, చూడండి, ఇదీ నటనంటే" అన్నాడు. హెడ్డుగారు ఒప్పుకున్నట్టు తలాడించాడు. క్లచ్చక్క కూడా నవ్వింది. ఇంతవరకూ గండం లేదు. అత్తయ్య పెద్ద కొడుకు పోయిన మాట ఊరందరికీ తెలిసిందే. లారీ గుద్దిందనే ఆవిడ అనుకుంటోంది. ఇలాగే నాలుగు మాటలాడించి, నెమ్మదిగా బిస్కెట్ల వైపు మళ్ళిస్తే చాలు.

నవ్వు ఆగాక అత్తయ్య చీరకొంగు సర్దుకుంది.

"లారీ అన్నాడు మా చిన్నోడు."

క్లచ్చక్క కాలు మళ్ళీ నేలను తొక్కింది. ఈసారి ఏ బండీ ఆగలేదు.

"మొదట ఎర్ర లారీ అన్నాడు. నాతో చెప్పేటప్పుడు వాడి కళ్ళు గోడ మీదే ఉన్నాయి. కొన్నాళ్ళకి మా తమ్ముడు అడిగితే నీలం లారీ అన్నాడు. ఆ ఏడాది చివరికి మా ఆడపడుచు దగ్గర అది బస్సయింది. చిన్నప్పటినుంచీ అంతే, వాడికి అబద్ధం ఆడటం చేతకాదు. పెద్దోడు ఆడేవాడు చూడు, కళ్ళల్లోకి చూసి నవ్వుతూ ఆడేవాడు. 'బాగానే ఉన్నానమ్మా' అని. అది నమ్మేశాను."

ఇప్పుడు చప్పట్లు లేవు. హెడ్డుగారు చేతిలోని రుమాలును మడత పెట్టి జేబులో దాచుకున్నాడు, అదేదో తప్పు పని చేస్తూ పట్టుబడినట్టు. ఊపిరి పీల్చమని చెప్పడం గాలి మాస్టారికి గుర్తు రాలేదు.

టీచరమ్మ మెల్లగా అడిగింది. "అమ్మా, మనం ఇంకా నటిస్తున్నామా? ఆపేశామా?"

"ఇక్కడ నేనెప్పుడు నటించాను తల్లీ? నటించిందంతా ఇంట్లోనే."

క్లచ్చక్కకు చెప్పాల్సిన మాటలు గొంతులో తోసుకుంటున్నాయి. 'మీకు తెలుసా?' అని, 'ఎప్పటినుంచి?' అని, 'మరెందుకు చెప్పలేదు?' అని, 'అయ్యో అత్తయ్యా' అని. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు అడ్డదిడ్డంగా తిప్పినప్పుడు వచ్చే అరుపుల్లా అన్నీ ఒకేసారి. ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు. అత్తయ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. క్లచ్చక్క కూర్చుంది. ఊరికే కూర్చుంది.

అది చూసి అత్తయ్యే తనంతట తను చెప్పింది.

"స్నానాల గదిలో పంపు తిప్పి ఏడ్చేవాడు చిన్నోడు. పంపు చప్పుడుకి నాకు వినపడదనుకునేవాడు. నాకు చెవుడని వాడు నమ్మాలి కదా, అందుకే టీవీ పెద్దది చేసేదాన్ని. అడుగుదామనుకున్నా. కానీ 'నాకు తెలుసురా' అంటే, వాడికి మిగిలింది ఒకే పని, నన్ను కాపాడుకోవడం. అదీ పోతుంది. వాడు నా కోసం దాచాడు, నేను వాడి కోసం దాచాను. దాచి దాచి ఇద్దరం ముసలాళ్ళం అయిపోతున్నాం."

డాక్టరు కుర్చీ అంచుకు జరిగాడు. "అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో... మీతో డాక్టరు ఏమన్నాడు?"

"మంచివాడేనయ్యా. నీ అంతే ఉంటాడు. నన్ను చూడలేక గోడతో మాట్లాడాడు. అంతకుముందు చిన్నోడూ గోడతోనే. ఆ రోజు అందరి కబుర్లూ ఆ గోడే విన్నది."

డాక్టరు నవ్వాడు, మొహం దించుకున్నాడు, మళ్ళీ ఎత్తి ఆవిడనే చూశాడు. ఆవిడ అతని మోకాలు తట్టింది.

అప్పుడు క్లచ్చక్క నోరు తెరిచింది. ఈ ఇంటి కోడలై ఇన్నేళ్ళకు, ఎవరో పాఠంగా చెప్పినందుకు కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది.

"అత్తయ్యా, మా బావగారు ఎలాంటివారు?"

అత్తయ్య ఆ ప్రశ్న వైపు కాసేపు చూస్తూ ఉండిపోయింది, ఎవరో చాలాకాలానికి గుమ్మంలోకి వచ్చినట్టు.

"వెధవ" అంది. మొహమంతా వెలిగింది. "పచ్చి వెధవ. కళ్ళద్దాల షాపు వాడిదే కదా, ఇప్పుడు మీ ఆయన చూసుకుంటున్నాడు. గోడ మీద అక్షరాల బోర్డు ఉంటుంది చూడు, పైన పెద్ద అక్షరాలు, కిందికి పోనుపోను చిన్నవి. వీడు అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఒక వరస రాశాడు. 'ఇది చదవగలిగితే నీకు అద్దాలెందుకు, ఇంటికి పో.' వచ్చినవాళ్ళు కూడబలుక్కుని చదివేవాళ్ళు. చదివి పగలబడి నవ్వి, నిజంగానే ఇంటికి పోయేవాళ్ళు! షాపుకి రోజూ జనమే, అద్దాలు కొన్నవాడు లేడు."

ముందు డాక్టరు నవ్వాడు. తర్వాత టీచరమ్మ. ఆఖరికి హెడ్డుగారు నాటకం మరిచిపోయి, మామూలు మనిషిలా, పొట్ట పట్టుకుని నవ్వాడు. క్లచ్చక్క నవ్వుతూనే ఏడ్చింది. కాగితపు రుమాళ్ళ పెట్టె అందరి చేతులూ మారి ఆవిడ దగ్గరికొచ్చింది.

"చూశావా" అంది అత్తయ్య, చిన్నగా. "వాడు ఇంత నవ్వించేవాడు. వాడు పోయిన తీరు దాచాలని, వీళ్ళంతా వాడి నవ్వులు కూడా దాచేశారు. ఎవరైనా వాడి మాట ఎత్తితే చిన్నోడు గదిలోంచి లేచిపోతాడు. నాకేమో ఎత్తాలని ఉంటుంది. ఎవరితో ఎత్తను? టీవీతోనా? అదీ చెడిపోయింది."

కింద వీధిలో స్కూటర్ హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. క్లచ్చక్క దిగ్గున లేచింది. "ఆయనే. మనల్ని తీసుకెళ్ళడానికొచ్చారు. నేను కిందికి వెళ్ళి..."

"పైకి రమ్మను" అంది అత్తయ్య.

"అత్తయ్యా, ఇంట్లో మాట్లాడుకుందాం. నెమ్మదిగా."

"ఇంట్లో అయితే వాడు పంపు తిప్పుతాడు, నేను టీవీ పెడతాను. ఇక్కడ రెండూ లేవు."

టీచరమ్మ అందరి వైపూ చూసి, టీ తాగేవాళ్ళు బయట వరండాలో తాగొచ్చని చెప్పింది. లేవబోయినవాళ్ళను అత్తయ్యే ఆపింది. "మీరెక్కడికి? సగం కథ విన్నారు, మిగతా సగం ఎవరు వింటారు? మా వాడికి ఇబ్బందైతే వాడే చెబుతాడు."

క్లచ్చక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆయన ఒక చేతిలో హెల్మెట్, మొహం మీద ఎండలో వచ్చిన అలసట, దాని మీద మర్యాద కోసం వేసుకున్న నవ్వుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, కట్లు కట్టడం వచ్చేసిందా? ఎవరికి కట్టావు?"

"ఇంకా ఎవరికీ కట్టలేదు. నీ కోసమే ఆగాను. ఇలా వచ్చి కూర్చో."

అందరూ తన వైపే చూస్తున్నారని ఆయనకు అప్పటికి తెలిసింది. భార్య చేతిలో నలిగిన కాగితం, ఎర్రబడ్డ ముక్కు. తెల్లబోర్డు మీద టీచరమ్మ పాఠం పేరుగా రాసిన పెద్ద అక్షరాలు, 'ఆత్మహత్య జరిగిన ఇంటికి మొదటిసారి'. ఆ అక్షరాలు చదివాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తియ్యడం మరిచిపోయినట్టు.

"పెద్దోడి సంగతి నాకు తెలుసురా" అంది అత్తయ్య.

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా?"

"దానికంత ధైర్యమా?" క్లచ్చక్క నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "నన్ను తీసుకొచ్చి ఆ స్తంభం వెనక కిటికీకేసి కూర్చోబెట్టింది. దాన్నేమీ అనకు. నాకెవరూ చెప్పలేదు. నీ లారీయే చెప్పింది."

హెడ్డుగారు నిశ్శబ్దంగా తన కుర్చీ తెచ్చి ఆయన వెనక వేశాడు. ఆయన కూర్చున్నాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గాలి మాస్టారు ఏదో అనబోతే టీచరమ్మ చేత్తో ఆపింది.

"నేను లారీ అన్నది నీకోసమే అనుకున్నావు కదమ్మా" అన్నాడు చివరికి. "నీకోసం ఒక్కటే కాదు. ఆ పొద్దున షాపులో వాడితో గొడవపడ్డాను. ఆ బోర్డు గురించే. 'ప్రతిదీ నీకు నవ్వులాటేనా, ఆ వరస చెరిపెయ్, లేకపోతే నేను షాపుకి రాను' అన్నాను. నవ్వలేదు. తడిగుడ్డ తెచ్చి చెరిపేశాడు. మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. వాడితో చివరగా మాట్లాడింది నేనే అమ్మా. లారీ అయితే... లారీ అయితే వాణ్ణి చంపింది నా మాట కాదు కదా."

క్లచ్చక్క చేత ఒట్టు వేయించుకున్న రోజు కూడా ఆయన ఈ మాట చెప్పలేదు.

అత్తయ్య కొడుకు ఒళ్ళోంచి హెల్మెట్ తీసి, పక్కనున్న డాక్టరు చేతిలో పెట్టింది. కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"చివరగా నువ్వు కాదురా."

ఆయన తల ఎత్తాడు.

"షాపు నుంచి వాడు నేరుగా ఇంటికే వచ్చాడు. వంటింట్లో నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. నీ గురించే మాట్లాడాడు."

"నా గురించా? ఏమన్నాడు?"

ఆవిడ కొడుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు వినాలి. మధ్యలో లేచిపోకూడదు" అంది అత్తయ్య. ఆయన తల ఊపాక మొదలుపెట్టింది. ఆ మాటలు వచ్చేవారం.